ఫామ్ వేరు, మనిషి వేరు

“వాడి పనైపోయిందండీ! మునుపటి ఫామ్ ఎక్కడిది? అసలు వాడికి గుండె దిటవు లేదు.”

ఈ మాటలు ఏ క్రికెట్ ఆటగాడి గురించో అనుకుంటారేమో, కాదు. సైకిలు తొక్కేవాళ్ళ గురించి. ఏటా జూలైలో ఫ్రాన్సు దేశంలో టూర్ ద ఫ్రాన్స్ అనే సైకిలు పందెం జరుగుతుంది. 1903లో మొదలైన పందెం ఇది. మూడు వారాలపాటు 21 అంచెలుగా సాగుతుంది. మొత్తం దూరం సుమారు 3,400 కిలోమీటర్లు. మధ్యలో ఆల్ప్స్, పిరనీస్ కొండలు ఎక్కాలి, దిగాలి. విశ్రాంతికి దొరికేది మామూలుగా రెండే రోజులు. అక్కడ సాయంత్రం అంచె ముగిసేసరికి మనకు రాత్రి తొమ్మిది గంటల ప్రాంతం అవుతుంది. ఆ వేళకు కంచం ముందు పెట్టుకొని సెల్‌ఫోన్‌లో పందెం చూసే కుర్రవాళ్ళు ఇప్పుడు మన పట్టణాల్లో కూడా ఉన్నారు.

ఆరోగ్య శీర్షికలో ఈ ప్రస్తావన ఎందుకని మీరు అడగవచ్చు. కారణం ఉంది. ఈ పందెం అభిమానులు ఎక్కడ చేరినా ముఖ్యంగా రెండు విషయాలు మాట్లాడుకుంటారు. ఎవరి ఫామ్ ఎలా ఉంది? ఎవరి గుణం ఎలాంటిది? చివరికి రెంటినీ కలిపి తీర్పు చెప్పేస్తారు. గెలిచినవాడు ధీరుడు, వెనకబడినవాడు పిరికివాడు. వైద్యుడి కంటికి ఈ తీర్పు చాలాసార్లు తప్పుగా కనిపిస్తుంది. పైగా ఇదే తీర్పును మనం మన ఇళ్ళలో పిల్లల మీద, ఆడవాళ్ళ మీద, ముసలివాళ్ళ మీద కూడా చెబుతుంటాం. అక్కడ జరిగే నష్టం ఒక పందెం ఓడిపోవడం కంటే పెద్దది.

ఫామ్ అంటే ఏమిటి?

ఫామ్ అనేది దేవుడిచ్చిన వరమూ కాదు, గాలివాటంగా వచ్చిపోయేదీ కాదు. అది కొలవడానికి వీలున్న శరీర స్థితి. గుండె ఒక్కొక్కసారి కొట్టుకున్నప్పుడు ఎంత రక్తం పంపగలదు, ఆ రక్తంలోని ఎర్రకణాలు ఎంత ప్రాణవాయువును మోయగలవు, దాన్ని కాలి కండరాలు ఎంతవరకు వాడుకోగలవు అనే మూడింటి మీద అది ముఖ్యంగా ఆధారపడి ఉంటుంది. ఏళ్ళ తరబడి సాధన చేసినవారి గుండె గదులు పెద్దవవుతాయి. విశ్రాంతిగా ఉన్నప్పుడు మామూలు మనిషి నాడి నిమిషానికి 70 ప్రాంతంలో ఉంటే, వీరిలో 40 ఉండడం కద్దు.

ఈ రోజుల్లో పెడలు మీద చూపే బలాన్ని వాట్లలో కొలిచే పరికరం సైకిలుకే ఉంటుంది. ఆ వాట్లను మనిషి బరువుతో భాగించి చూస్తారు. కొండ ఎక్కడంలో మొదటి వరుసలో ఉండేవారు అరగంటకు పైగా కిలో బరువుకు ఆరు వాట్లు, ఆ పైన చూపుతారు. సైకిలు అలవాటు లేని ఆరోగ్యవంతుడు అంతసేపు రెండు, రెండున్నర చూపగలిగితే బాగున్నట్లే.

ఈ బలం ఎప్పుడు పెరుగుతుంది? సాధన చేసే సమయంలోనే అని చాలామంది అనుకుంటారు. నిజానికి సాధన చేసేటప్పుడు శరీరం నలుగుతుంది. కండరాల్లో దాచుకున్న చక్కెర ఖర్చవుతుంది. బలం పెరిగేది ఆ తరువాత, కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయినప్పుడు. శరీరం పోయినదాన్ని పూడ్చుకొని, పైన మరికాస్త చేర్చుకుంటుంది. అందుకే పెద్ద పందేనికి ఒకటి రెండు వారాల ముందు సాధన తగ్గిస్తారు. విశ్రాంతి బద్ధకం కాదు, సాధనలో భాగం.

ఈ విశ్రాంతి చాలనప్పుడు, లేదా తెలియని జబ్బు ఒకటి లోపల ఉన్నప్పుడు, ఎంత తొక్కినా బలం పెరగదు సరికదా తగ్గుతుంది. అప్పుడు పట్టుదల పెంచి ఇంకా తొక్కితే ఇంకా దిగజారుతుంది. ఇది గుణదోషం కాదు, శరీర ధర్మం.

శిఖరం మీద కాపురం ఉండదు

ఉత్తమమైన ఫామ్ కొన్ని వారాలు మాత్రమే నిలుస్తుంది. ఇందుకు ఇంగ్లండుకు చెందిన సైమన్ యేట్స్ కథ మంచి ఉదాహరణ.

2018 మే నెలలో ఇటలీ దేశపు పందెం జిరో ద ఇటాలియాలో యేట్స్ 13 రోజులు అగ్రస్థానానికి గుర్తయిన గులాబీ చొక్కా తొడిగాడు. మూడు అంచెలు గెలిచాడు. మూడవ వారంలో, 19వ అంచెలో, ఫినెస్ట్రే అనే కొండ మీద అతని కాళ్ళు ఆగిపోయాయి. ఆ ఒక్కరోజే 38 నిమిషాలకు పైగా వెనకబడ్డాడు. అదే కొండ మీద క్రిస్ ఫ్రూమ్ ఒంటరిగా ముందుకు దూసుకుపోయి, దాదాపు 80 కిలోమీటర్లు ఒక్కడే తొక్కి, పందేన్ని గెలుచుకున్నాడు. యేట్స్‌కు పెద్ద పందెం గెలిచే సత్తా లేదన్నవారు ఆ రోజు చాలామంది ఉండి ఉంటారు.

సెప్టెంబరు వచ్చింది. అదే యేట్స్ స్పెయిను దేశపు పందెం వ్వెల్టా గెలిచాడు. నాలుగు నెలల్లోపే మనిషి గుణం మారిందా? మారింది శరీరంలోని లెక్క. మన కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే చక్కెర అంతా కలిపి సుమారు అరకిలో. గట్టిగా తొక్కితే రెండు గంటల్లో అయిపోతుంది. దారిలో తింటూ ఉంటే కొంత పూడుతుంది. అయినా మూడు వారాల పందెంలో ప్రతిరోజూ కొద్దికొద్దిగా అప్పు మిగులుతుంది. ముందు వారాల్లో ఎక్కువ ఖర్చు చేసినవాడి దగ్గర చివరికి అప్పు వసూలుకు వస్తుంది.

2025లో జిరో మళ్ళీ అదే ఫినెస్ట్రే కొండకు వచ్చింది. చివరి అంచెకు ముందు రోజు అది. యేట్స్ అప్పటికి మొదటివాడి కంటే నిమిషం 21 సెకన్లు వెనక మూడవ స్థానంలో ఉన్నాడు. అంతవరకు బలం దాచుకుంటూ వచ్చిన మనిషి ఆ కొండ మీదే అందరినీ వదిలి వెళ్ళి, జిరో గెలిచాడు. ఏడేళ్ళ కిందట అతన్ని కూలదోసిన కొండే అతనికి గులాబీ చొక్కా ఇచ్చింది. కొండ అదే, మనిషి అతడే. ఆ రోజుకు శరీరంలో ఉన్న నిల్వ వేరు.

పైకి కనిపించని జబ్బు

మార్క్ కావెండిష్ సంగతి ఇంకా గట్టిది. గీత దగ్గర చివరి రెండు మూడు వందల మీటర్లు మెరుపులా దూసుకుపోవడంలో అతనికి సాటి లేదు. 2016 నాటికి టూర్ ద ఫ్రాన్స్‌లో 30 అంచెలు గెలిచాడు. 2017లో అతనికి ఎప్‌స్టైన్-బార్ వైరస్ సోకినట్లు తేలింది. ఇది లాలాజలం ద్వారా వ్యాపించే వైరస్. చిన్నతనంలో వస్తే మామూలు జలుబులా పోతుంది. పెద్దయ్యాక వస్తే గొంతునొప్పి, మెడలో గ్రంథుల వాపు, జ్వరం. జ్వరం తగ్గినా నీరసం వారాలు, ఒక్కోసారి నెలలు వదలదు. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. విశ్రాంతే మందు. ప్లీహం వాచి ఉంటుంది కనుక కొన్ని వారాలపాటు దెబ్బ తగిలే ఆటలు ఆడకూడదు.

బయట చూసేవారికి వైరస్ కనిపించదు. వెనకబడిన మనిషి మాత్రమే కనిపిస్తాడు. ఇది చాలదన్నట్లు 2018లో అతనికి డిప్రెషన్ అనే మానసిక వ్యాధి ఉన్నట్లు డాక్టర్లు చెప్పారు. ఆ సంగతి అతను లోకానికి తరువాత చెప్పుకున్నాడు. 2020 అక్టోబరులో బెల్జియంలో ఒక పందెం ముగిశాక ఇదే తన చివరి పందెం కావచ్చునని కెమెరా ముందు కంటతడి పెట్టాడు.

2021లో, 36వ ఏట, గాయపడిన మరొకరి బదులుగా అతన్ని టూర్‌కు పంపారు. నాలుగు అంచెలు గెలిచి, బెల్జియం వీరుడు ఎడ్డీ మెర్క్స్ పేరున ఉన్న 34 గెలుపుల రికార్డును అందుకున్నాడు. 2023లో పడి కాలర్‌బోన్ విరిగింది. 2024 జూలై 3న, 39వ ఏట, 35వ గెలుపు సాధించాడు. 2018లో ఆయన పనైపోయిందన్నవారు చూసింది ఫామ్‌ను. ఆ ఫామ్ వెనక ఉన్న రెండు జబ్బులను కాదు.

డిప్రెషన్ గురించి ఒక మాట. ఇది పిరికితనమూ కాదు, సోమరితనమూ కాదు. గుండె, కాలేయం మాదిరిగానే మెదడు కూడా జబ్బు పడుతుంది. హాలండు దేశస్థుడు టామ్ డ్యూములాన్ 2017లో జిరో గెలిచాడు. 2021 జనవరిలో జట్టు సాధన శిబిరం నుంచి, తాను ఏం చేయాలో తనకే తెలియడం లేదని చెప్పి, పందేలు ఆపి ఇంటికి వెళ్ళిపోయాడు. జట్టు అందుకు ఒప్పుకొంది. కొన్ని నెలలు దూరంగా ఉండి, జూన్‌లో తిరిగి వచ్చి, జూలైలో టోక్యో ఒలింపిక్స్‌లో రజత పతకం తెచ్చుకున్నాడు. మరుసటి సంవత్సరం శాశ్వతంగా విరమించాడు. ఆగాల్సినచోట ఆగడం ఓటమి అని అతని విషయంలో ఎవరు అనగలరు?

నవ్వేవాడు, నవ్వనివాడు

ఇక గుణాల చర్చ. ఇది పాతకాలం నుంచీ ఉన్నదే. 1960లలో ఫ్రాన్సు దేశం రెండుగా చీలిపోయింది. ఒక పక్షం జాక్ ఆంక్తీల్‌ది, రెండోది రేమోఁ పులిదోర్‌ది. ఆంక్తీల్ లెక్క ప్రకారం తొక్కేవాడు, ఆవేశం చూపేవాడు కాదు. టూర్ ఐదుసార్లు గెలిచాడు. పులిదోర్ రైతుబిడ్డ, కలుపుగోలు మనిషి. మూడుసార్లు రెండవ స్థానం, ఐదుసార్లు మూడవ స్థానం వచ్చాయి. కానీ అగ్రస్థానానికి ఇచ్చే పసుపుపచ్చ చొక్కా ఒక్కరోజు కూడా తొడగలేదు. 1964లో ఇద్దరి మధ్య తేడా 55 సెకన్లు. అయినా జనం ప్రేమ ఎక్కువగా పులిదోర్‌కే దక్కింది. అతని కూతురి కొడుకు మాథ్యూ వాన్ డెర్ పూల్ 2021లో ఆ పసుపుపచ్చ చొక్కా తొడిగాడు. తాతగారు 2019లోనే చనిపోయారు. పులిదోర్‌ది చెడు ఫామ్ అనీ కాదు, మెతక గుణం అనీ కాదు. అతని కాలంలో ఆంక్తీల్, తరువాత మెర్క్స్ ఉన్నారు, అంతే.

ఈ కాలంలో ఆ చర్చ స్లొవేనియా కుర్రవాడు తాదేయ్ పొగాచార్, డెన్మార్కువాడు యోనాస్ వింగెగార్డ్ చుట్టూ తిరుగుతోంది. పొగాచార్ నవ్వుతూ, చిలిపిగా ఉంటాడు. వింగెగార్డ్ మితభాషి. పెద్ద జట్టులోకి రాకముందు చేపల పరిశ్రమలో పనిచేసినవాడు. 2023లో పొగాచార్ ఆల్ప్స్‌లో ఒక అంచెలో ఐదు నిమిషాల 45 సెకన్లు కోల్పోయినప్పుడు, నవ్వులాటవాడికి నిలకడ లేదన్నవారున్నారు. అంతకు మూడు నెలల ముందు ఏప్రిల్‌లో అతని మణికట్టు ఎముక విరిగిందన్న సంగతి తలచుకున్నవారు తక్కువ. 2024లో పొగాచార్ జిరో, టూర్ రెండూ గెలిచినప్పుడు, మౌనంగా ఉండేవాడికి పౌరుషం లేదన్నారు. ఆ ఏప్రిల్‌లో వింగెగార్డ్ స్పెయినులో పడి, కాలర్‌బోన్, పక్కటెముకలు విరిగి, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి, ఆసుపత్రిలో ఉన్నాడు. మూడు నెలల్లో లేచి వచ్చి టూర్‌లో ఒక అంచె గెలిచి రెండవవాడుగా నిలిచాడు. ఒక డాక్టరుగా నాకు ఆ రెండవ స్థానం ఆశ్చర్యం కలిగిస్తుంది. చిరునవ్వుకు, మౌనానికి ఇందులో ఏం సంబంధం?

తీర్పు రెండోవైపు కూడా తప్పుతుంది. అమెరికావాడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 1996లో వృషణాల క్యాన్సర్ వచ్చి నయమైంది. 1999 నుంచి 2005 వరకు వరసగా ఏడుసార్లు టూర్ గెలిచాడు. అదంతా సంకల్ప బలమని లోకమంతా కీర్తించింది. 2012లో నిషిద్ధ మందులు వాడినందుకు ఆ ఏడు బిరుదులూ రద్దయ్యాయి. ఎర్రకణాలను పెంచే ఇ.పి.ఓ. అనే ఇంజక్షను వాటిలో ముఖ్యమైనది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి రక్తం పెరగడానికి మేము వాడే మందు ఇది. ఆరోగ్యవంతుడు వాడితే రక్తం చిక్కబడి గడ్డకట్టే ప్రమాదం ఉంది. మంచి ఫామ్ చూసి గొప్ప గుణం అనుకోవడం కూడా పొరపాటేనని ఇక్కడ తేలింది.

ఇటలీవాడు మార్కో పంతానీ కథ విషాదం. 1998లో జిరో, టూర్ రెండూ గెలిచాడు. 1999 జూన్‌లో జిరో గెలుపు అంచున ఉండగా రక్తపరీక్షలో ఎర్రకణాల శాతం 52 వచ్చింది. హద్దు 50. పందెం నుంచి తప్పించారు. నెత్తిన పెట్టుకున్న జనంలో చాలామంది వేలెత్తి చూపారు. మనిషి కుంగిపోయాడు. 2004 ఫిబ్రవరిలో, 34వ ఏట, ఒక హోటలు గదిలో కొకైన్ విషప్రభావంతో చనిపోయాడు. తప్పు చేస్తే శిక్ష ఉండవలసిందే. కానీ కుంగిపోతున్న మనిషికి తీర్పుతోపాటు వైద్యం కూడా కావాలి.

మీ ఇంటి సంగతి

ఇప్పుడు పందెం వదిలి మీ ఇంటికి రండి. “మా అమ్మాయికి ఒళ్ళు వంగదు డాక్టరుగారూ, ఎప్పుడూ పడుకునే ఉంటుంది,” అని తల్లులు ఓ.పి.కి తీసుకువస్తారు. కనురెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంటుంది. హిమోగ్లోబిన్ 12 ఉండవలసిన చోట ఏడో ఎనిమిదో ఉంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. ఎర్రకణాల శాతం కాస్త పెరిగినందుకు పందేలు గెలుస్తున్నారని చెప్పాను కదా. ఆ కణాలు సగానికి తగ్గిన పిల్ల మెట్లెక్కలేకపోతే అది బద్ధకం ఎలా అవుతుంది?

కనుక ఇంట్లో ఎవరికైనా రెండు వారాలు దాటిన నీరసం ఉంటే తిట్టకండి, పరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, రక్తంలో చక్కెర చూడాలి. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే క్షయకు తెమడ పరీక్ష తప్పనిసరి. సర్కారు ఆసుపత్రుల్లో ఈ పరీక్షలు చాలావరకు ఉచితం. ఐరన్ మాత్రలు కూడా ఉచితంగా ఇస్తారు. వాటిని కాఫీ, టీలతో మింగకండి, ఒంటికి పట్టదు. నిమ్మరసంతో వేసుకుంటే మంచిది. మలం నల్లగా వస్తుంది, భయపడవద్దు.

రెండు వారాలకు పైగా దిగులు, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, “నేను ఉండి ఏం లాభం?” అనే మాటలు వినిపిస్తే ఆలస్యం చేయకండి. “ధైర్యంగా ఉండు” అనే ఉపదేశం ఒక్కటే చాలదు. 14416 అనే ప్రభుత్వ టెలి మానస్ నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వైద్యం ఉంది, నయమవుతుంది. మనిషిని ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి.

పందెం చూసి ఉత్సాహంతో సైకిలు కొన్న పాఠకులకు కూడా నాలుగు మాటలు. 40 దాటినవారు ముందు బి.పి., చక్కెర చూపించుకోండి. వారానికి 150 నిమిషాల ఓ మాదిరి వ్యాయామం ఆరోగ్యానికి చాలు. అంతకు మించి కావాలంటే నెమ్మదిగా పెంచండి. మూడు వారాలు కష్టపడితే నాలుగో వారం తగ్గించండి. ఉదయం మంచం మీద ఉండగానే నాడి చూసుకోండి. రోజూ ఉండేదానికంటే పది ఎక్కువగా ఉంటే ఆ రోజు సైకిలు బయటకు తీయవద్దు. జ్వరం ఉన్నప్పుడు వ్యాయామం అసలే వద్దు, గుండె కండరం వాచే ప్రమాదం ఉంది. తొక్కేటప్పుడు ఛాతీలో నొప్పి గానీ, కళ్ళు తిరగడం గానీ వస్తే వెంటనే ఆగి ఆసుపత్రికి వెళ్ళండి. కొండ ఎక్కాలని కడుపు మాడ్చుకోకండి. అలా చేసిన ఆడపిల్లలకు నెలసరి ఆగిపోతుంది, ఆడ మగ తేడా లేకుండా ఎముకలు పలచబడతాయి.

అభిమానం ఉండవలసిందే. వాదించుకోండి, పందేలు కాయకుండా ఉంటే చాలు. అయితే వెనకబడిన మనిషి కనిపించినప్పుడు, అతను ఫ్రాన్సు కొండ మీద ఉన్నా, మీ ఇంటి వరండాలో ఉన్నా, “వీడెలాంటివాడు?” అని అడిగే ముందు “వీడికి ఒంట్లో ఎలా ఉంది?” అని అడగండి. జవాబు తెలియకపోతే మా ఓ.పి. ఉదయం తొమ్మిదింటికి తెరుస్తారు. వెంట తీసుకురండి.